చిక్కిపోయిన చీపురు

మా ఇంట్లో ఈనెల చీపురు రోజురోజుకీ చిక్కిపోతోందని కనిపెట్టింది మా ఆవిడ. ఎలకల్ని అనుమానించింది, పక్కింటివాళ్లని అనుమానించింది. చివరికి మేడమీద నా బల్ల దగ్గర దొంగసొత్తు దొరికింది.

"అమలాపురంలో ఉండి కొబ్బరి ఈనెకి నా చీపురే కావాల్సొచ్చిందా అండీ?" అంది.

న్యాయమైన ప్రశ్నే. కానీ పచ్చి ఈనె చెక్కాక వంకర తిరుగుతుంది. ఏడాదిపాటు వాకిలి ఊడ్చి ఆరితేరిన ఈనె చెప్పినట్టు వింటుంది. ఆ మాట ఆవిడతో అనలేదనుకోండి.

నేను చేస్తున్నది టీయూ-142 విమానం బొమ్మ. అసలుదాన్ని విశాఖ బీచ్ రోడ్డులో చూసే ఉంటారు. 29 ఏళ్లు నౌకాదళంలో జలాంతర్గాముల్ని గాలించి, 2017 మార్చిలో అరక్కోణంలో రిటైరై, ఆ డిసెంబరుకి మ్యూజియం అయింది. రోడ్డుకి అవతల 2002 నుంచీ మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి. పిల్లి ఎదురింట్లో ఎలకని అద్దెకి దింపినట్టుంటుంది. ఇద్దరూ పెన్షనర్లే కాబట్టి గొడవల్లేవు.

నా కొలత 72వ వంతు. అంటే ఆరడుగుల మనిషి అంగుళం అయిపోతాడు. అసలు విమానం రెక్కల వెడల్పు 50 మీటర్లు, నాది 69 సెంటీమీటర్లు. ఈ కొలతలోనే ప్లాస్టిక్ కిట్టు ట్రంపెటర్ అనే చైనా కంపెనీ అమ్ముతోంది గానీ, ధర చూశాక నాకు జీలుగు బెండు మీద గౌరవం పెరిగింది. గాలానికి కట్టినా, పెళ్లి బాసికానికి వాడినా ఆ బెండే. విమానానికి మాత్రం తక్కువేమిటి? రెక్కల పైపొరకి ఆత్రేయపురం పూతరేకు వాడి చూశాను. పల్చదనం అద్భుతం. కోనసీమ గాలికి సాయంత్రానికల్లా తడిగుడ్డలా వాలిపోయింది. మిగిలిన రేకులకి మా ఆవిడ నెయ్యీ బెల్లప్పొడీ పెట్టి న్యాయం చేసింది.

చిక్కంతా ఫ్యాన్లతోనే. నాలుగు ఇంజన్లు, ఇంజనుకి ముందూ వెనకా రెండు ఫ్యాన్లు, ఫ్యానుకి నాలుగు రెక్కలు: వెరసి 32 ఈనె ముక్కలు. పైగా ముందుది ఒకవైపు తిరిగితే వెనకది దానికి ఎదురు తిరుగుతుంది, మా ఇంట్లోలాగే. కాబట్టి పదహారు ముక్కలు ఒక వాలుకి, పదహారు ఇంకో వాలుకి చెక్కాలి. ఏవి ముందు, ఏవి వెనక?

గ్రంథాలయానికి వెళ్లి విమానాల పుస్తకం ఉందా అని అడిగాను. లైబ్రేరియన్‌గారు ఎంతో ఆదరంగా "వైమానిక శాస్త్రం" తెచ్చి చేతిలో పెట్టారు. అందులోని విమానాలు ఎగరవని 1974లోనే బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్లు లెక్కలు కట్టి మరీ తేల్చారు. నాదీ ఎగరదు. కాకపోతే ఎగురుతుందని నేనెక్కడా రాయలేదు.

ఇక పుస్తకాలతో పని కాదని విశాఖ బస్సెక్కాను. నోటుబుక్కు, టేపు, భూతద్దం పట్టుకుని ఆ విమానం చుట్టూ ప్రదక్షిణలు చేస్తుంటే గార్డు మూడో చుట్టుకి దగ్గరకొచ్చాడు.

"ఏమైనా పోయిందా సార్?"

"ఫ్యాను ఎటు తిరుగుతుందో చూస్తున్నా నాయనా."

"ఇప్పుడు తిరగదండి," అన్నాడు ఎంతో జాలిగా.

రెక్కల వాలు చూసి పట్టేశాను. "ముందు ఫ్యాను కుడికి, వెనకది ఎడమకి" అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. ఇంటికొచ్చి జిగురు డబ్బా మూత తీశాక వెలిగింది: ముక్కువైపు నిలబడి చూస్తే కుడి అయింది, తోకవైపు నుంచి చూస్తే ఎడమ. నేను ఎటు నిలబడి రాశానో రాసుకోలేదు.

విశాఖ వెళ్లేవాళ్లెవరైనా ముక్కు ఎదురుగా నిలబడి ఓసారి చూసి చెప్పండి. జిగురు ఆరిపోతోంది, ఇంట్లో కొత్త చీపురు కొన్నారు.