కింది మోటారుకీ కాస్త మర్యాద

అపార్ట్‌మెంట్లో మోటారు అంటే నీళ్లు పైకెక్కించేదే. దసరాకి పసుపు, కుంకుమ, బంతిపూల దండ దానికే. పొద్దున్నే వెయ్యడానికి ఒక మనిషి, ట్యాంకు పొర్లితే ఆపమని కేకలెయ్యడానికి పదిమంది. సెల్లార్‌లో బాత్రూమ్ కట్టిన చోట ఇంకో మోటారు కూడా ఉంటుంది, మూత కింద గొయ్యిలో, మురుగులో నిండా మునిగి. అసోసియేషన్ మీటింగులో దాని పేరు రావాలంటే అది చెడిపోవాలి. ఇది అన్యాయమని నా వాదన. రెండింటిలో కష్టమైన ఉద్యోగం కింది దానిదే, బుద్ధిమంతురాలూ అదే. మంచినీటి పంపులోకి వచ్చేది నీరే కనక లోపలి దారులు ఇరుకైనా చెల్లుతుంది. మురుగు పంపు వచ్చినదల్లా మింగి సాగనంపాలి. అందుకే ఇళ్లలో వాడే రకాలు చాలావరకు రెండంగుళాల ముద్దనైనా దాటించేంత వెడల్పు దారితో చేస్తారు. ఇక బుద్ధి సంగతి. గొయ్యి నిండేకొద్దీ ఫ్లోట్ తేలుతుంది, ఒక ఎత్తుకు రాగానే మోటారు తిరుగుతుంది, మట్టం దిగితే ఆగుతుంది. కేకలతో పని లేదు. పైన నాన్ రిటర్న్ వాల్వ్ ఒకటి ఉండాలి. లేకపోతే నిలువు పైపులో మిగిలిన మురుగు, కొర్రీ పడిన ఆఫీసు ఫైలులా, పంపిన చోటికే తిరిగొస్తుంది.

‘మా తాతగారింట్లో ఏ పంపు ఉందని? మురుగు దానంతటదే పోయేది’ అంటారు. పోయేది, నిజమే. రోడ్డు కింది డ్రైనేజీ లైను మన పైపుకంటే పల్లంలో ఉండి, పైపుకి తగిన వాలు ఉంటే భూమ్యాకర్షణ జీతం అడక్కుండా పనిచేస్తుంది. భగీరథుడికి కలిసొచ్చిందీ అదే, ఆయన గంగను కిందికి దించాడు గాని పైకెక్కించలేదు. తాతగారు మాత్రం నేల తవ్వి అందులో వాచ్‌మన్‌కి బాత్రూమ్ కట్టలేదు. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు వేసి వీధంతటినీ ఇళ్లకంటే ఎత్తుకి లేపే కాంట్రాక్టరూ అప్పటికింకా తయారవలేదు. వానకి లైను నిండితే మురుగు మ్యాన్‌హోల్ మూత దాకా లేస్తుంది. అంతకంటే పల్లంలో బాత్రూమ్ ఉన్నవాళ్లకి అది ఇంట్లోంచే దర్శనమిస్తుంది. అమ్మానాన్నలు వస్తారని బేస్‌మెంట్‌లో స్నానాలగది కట్టించే అమెరికా తెలుగువాళ్లదీ ఇదే లెక్క. అక్కడ ఈ మురుగు పంపుని ఎజెక్టర్ పంపు అంటారు. గొయ్యికి బిగువైన మూత, వాసన బయటికి పోవడానికి కప్పు దాటే వెంట్ పైపు తప్పనిసరి.

‘నరికే బ్లేడ్ల పంపు పెడితే పీడా పోతుంది’ అనేవాళ్లూ ఉన్నారు. గ్రైండర్ పంపు ముద్దల్ని నూరి సన్నటి పైపులోంచి దూరానికి నెట్టగలదు, ఒప్పుకుంటాను. కానీ తడి వైప్సూ, గుడ్డ పీలికలూ దానికీ చుట్టుకుంటాయి. చుట్టుకుంటే ఎవర్నో గొయ్యిలోకి దిగమంటారు, అక్కడ హైడ్రోజన్ సల్ఫైడ్ విషవాయువు పేరుకుని ఉంటే మనిషి పైకి రాకపోవచ్చు. రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువల్లోకీ సెప్టిక్ ట్యాంకుల్లోకీ మనుషుల్ని దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. వైప్స్ చెత్తబుట్టలో వెయ్యడానికి చట్టం కూడా అక్కర్లేదు.

కరెంటు పోతే? ఇది న్యాయమైన ప్రశ్నే. పై అంతస్తుల మురుగుని దాని దారిన పోనిచ్చి, కింది బాత్రూమ్‌నొక్కదాన్నే గొయ్యికి కలిపితే ఆగేది ఆ ఒక్కటే. పైపు మిగులుతుందని అన్నిటినీ గొయ్యిలోకే తిప్పే మేస్త్రీ చేతిలో పడితే ఐదంతస్తుల పాపమూ సెల్లార్‌లోనే పండుతుంది. జనరేటర్ ఉంటుంది, కానీ దాని కనెక్షన్ లిఫ్టుకీ, కారిడార్ బల్బులకీ, సీసీ కెమెరాకీ. కార్ల చక్రాలు మురుగులో మునుగుతున్నంతసేపూ కెమెరా ఆ వైభవాన్ని ఒక్క క్షణం వదలకుండా రికార్డు చేస్తుంది.