‘గేరు పడ్తలేదన్నా!’: టీకా తాత్పర్య సహితము

మూలం:
“అన్నా, గేరు పడ్తలేదు, ఎన్క షాకప్ కొడ్తుంది, జర చూడు.”

తార్నాక చౌరస్తా చుట్టుపక్కల ఏ మెకానిక్ షెడ్డు ముందు కాసేపు నిలబడినా ఈ వాక్యం చెవిన పడుతుంది. కర్త ఎవరో తెలియదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టళ్లలో సీనియర్ నుంచి జూనియర్‌కు బండితో పాటు ఇదీ సంక్రమిస్తూ వస్తోంది. కాలనిర్ణయం కష్టం. విశ్వవిద్యాలయం పుట్టిన 1918కి తరువాతిదని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు. ఇంత ప్రచారంలో ఉన్న మూలానికి వ్యాఖ్య లేకపోవడం లోపమే. వ్యాఖ్యాన విద్యకు పేరుపడ్డ ఊరు ఇక్కడికి మరీ దూరమూ కాదు. కాళిదాసు కావ్యాలకు ‘సంజీవని’ రాసిన మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం. ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ఆయన పెట్టుకున్న నియమం మెకానిక్ షెడ్డుకూ చక్కగా అతుకుతుంది. అక్కరలేని పార్టు మార్చడాన్ని మించిన దోషం అక్కడ లేదు.

ప్రతిపదార్థం: అన్నా = ఓ మెకానిక్కూ (సంబోధన; అరవై ఏళ్ల మిస్త్రీ అయినా, నిన్న పనిలో చేరిన కుర్రాడైనా ఇదే); గేరు = గేరు; పడ్తలేదు = పడటం లేదు; ఎన్క = వెనుక చక్రం వైపు; షాకప్ = షాక్ అబ్జార్బరు; కొడ్తుంది = కొట్టుకొనుచున్నది; జర = కొంచెము; చూడు = ఇంజను విప్పకుండా చూడుము. ఈ చివరి అర్థం ఏ నిఘంటువులోనూ లేదు. నెలాఖరు, మెస్ బిల్లు అనే సందర్భాలను బట్టి అదే గ్రాహ్యం.

ఇక వ్యాఖ్య. ‘గేరు పడటం’ అన్నది లక్ష్యార్థం. ఇప్పటి బండ్ల గేర్ బాక్సులో పళ్లచక్రాల జతలన్నీ ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే తిరుగుతుంటాయి, పడేవీ లేచేవీ ఏమీ లేవు. కాలితో లివర్ నొక్కితే గేర్ షాఫ్టు తిరిగి ఒక డ్రమ్మును ఒక్క మెట్టు తిప్పుతుంది. డ్రమ్ము మీద వంకర గాడులుంటాయి. ఆ గాడిలో నడిచే ఫోర్కు ఒక చక్రాన్ని పక్కకు తోస్తుంది. అలా జరిగిన చక్రం పక్కన ఉన్న గుబ్బలు పొరుగు చక్రం గుంతల్లో దిగుతాయి. ఆ దిగడానికే లోకంలో ‘పడటం’ అని పేరు. కాలు తీయగానే లివర్‌ను మళ్లీ మధ్యకు లాగేది హెయిర్‌పిన్ లాంటి ఒక చిన్న స్ప్రింగు. డ్రమ్ము ఏ మెట్టు మీద ఆగాలో ఆ మెట్టు మీదే నిలబెట్టేది ఇంకో చిన్న స్ప్రింగు, దాని కొసన ఒక రోలరు. బండి మొత్తం మీద ఎక్కువ పని చేసి తక్కువ పేరు తెచ్చుకున్న స్ప్రింగులు ఈ రెండూ.

‘పడ్తలేదు’ అన్న క్రియలో కనీసం నాలుగు అర్థాలు దాగి ఉన్నాయి. ఏది వివక్షితమో అడిగి తెలుసుకోని మెకానిక్ వ్యాఖ్యాత పదవికి అర్హుడు కాడు.

నొక్కిన లివర్ కిందే ఉండిపోయి, రెండోసారి నొక్కడానికి ఏమీ మిగలకపోతే, ఆ హెయిర్‌పిన్ స్ప్రింగు విరిగిందనో కొక్కెం నుంచి జారిందనో అర్థం. చాలా బండ్లలో ఇది క్లచ్ కవర్ వెనకే ఉంటుంది. ఆయిల్ దించి, కవర్ విప్పితే అందుతుంది. ఇంజనును రెండు ముక్కలు చేయాల్సిన పని లేదు. గేరు పడి, ఎక్సలేటర్ ఇవ్వగానే ‘టక్’మని జారిపోతే మాత్రం సంగతి వేరు. గుబ్బల అంచులు అరిగి గుండ్రబడ్డాయి, లేదా ఫోర్కు వంగింది. అందుకు ఇంజను దించక తప్పదు. లివర్ మీద కాలు పెట్టుకుని బండి నడిపేవారికి, సగం నొక్కి వదిలేసేవారికి ఈ యోగం త్వరగా పడుతుంది.

మూడో అర్థం తార్నాక సిగ్నల్ దగ్గర పుడుతుంది. ఇంజను ఆపితే న్యూట్రల్ ఇట్టే దొరుకుతుంది. ఇంజను తిరుగుతుంటే ఎంత తొక్కినా ఒకటికీ రెండుకీ మధ్య ఊగుతుంది తప్ప పచ్చ దీపం వెలగదు. ఇది గేర్ బాక్సు తప్పు కానే కాదు. క్లచ్ పూర్తిగా విడవడం లేదు. క్లచ్ వైరు సాగింది, లేదా ప్లేట్లు వంకర పోయాయి. చాలా చిన్న బండ్లలో క్లచ్ లివర్ కొస దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. అంతకు మించితే క్లచ్ విడవదు, బొత్తిగా లేకపోతే క్లచ్ పట్టదు. నాలుగో అర్థం మరీ చిన్నది: గేర్ లివర్‌ను షాఫ్టుకు బిగించే బోల్టు వదులై, కాలు కదులుతోంది గాని షాఫ్టు కదలడం లేదు. పది నంబరు పానాతో తీరే ఈ వ్యథకు ‘గేర్ బాక్స్ పోయింది’ అని తీర్పు చెప్పించుకున్న విద్యార్థులు పాపం ఉంటారు.

ఆయిల్ గురించి ఇక్కడ ఒక మాట అవసరం. ఫోర్ స్ట్రోక్ బండ్లలో సాధారణంగా ఇంజనుకూ, గేర్లకూ, క్లచ్‌కూ ఒకటే ఆయిల్. కారుకు పోసే ఆయిల్లో జారుడు పెంచే రసాయనాలు కలిసి ఉండవచ్చు; అది ఆయిల్లో మునిగి పనిచేసే క్లచ్‌కు పనికిరాదు. ఈ తేడా తెలియజెప్పడానికే జపాను వాళ్లు 1998లో జాసో ప్రమాణం తెచ్చారు. డబ్బా వెనుక ‘ఎంఏ’ అని ఉంటే క్లచ్‌కు క్షేమం. టూ స్ట్రోక్ బండ్ల సంగతి ఇంకా విచిత్రం. పెట్రోల్‌తో కలిసి కాలిపోయే ఆయిల్ వేరు, గేర్ బాక్సులో ఉండే ఆయిల్ వేరు. మొదటిది అయిపోతే బండి మొరపెడుతుంది కనుక గుర్తుంటుంది. రెండోది యజమాని మారినా మారదు.

పాఠాంతరాలు: 1955 నుంచి మద్రాసులో తయారైన పాత బుల్లెట్‌కు గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. దాని ఆల్బియన్ గేర్ బాక్సు ఇంజనుతో కలవకుండా విడిగా కూర్చుంటుంది. న్యూట్రల్ వెతుక్కోవడానికి మడమతో నొక్కే లివర్ మరొకటి. పాత బుల్లెట్ అరువు తెచ్చుకుని, బ్రేకనుకుని గేరు తొక్కినవాడు చెప్పే ‘పడ్తలేదు’కు అర్థం ‘పడింది, పడకూడని చోట’ అని. మైసూరు యెజ్డీలో కిక్కు కొట్టేదీ గేరు వేసేదీ ఒకే రాడ్డు కనుక, ఆ బండివారి మూలంలో ‘గేరు పడ్తలేదు’, ‘కిక్కు కొడ్తలేదు’ అన్నవి ఒకే ధాతువుకు రెండు రూపాలు.

రెండో వాక్యఖండానికి వద్దాం. ‘షాకప్ కొడ్తుంది’.

ఇక్కడ ముందుగా తలచుకోవలసిన సూత్రకారుడు రాబర్ట్ హుక్. స్ప్రింగు ఎంత సాగితే అంత బలంతో వెనక్కి లాగుతుందన్న నియమాన్ని ఆయన 1676లో పద్నాలుగు లాటిన్ అక్షరాలను వర్ణక్రమంలో చెల్లాచెదురు చేసి అచ్చువేశాడు. అర్థం 1678లో గాని విప్పలేదు. తన సూత్రానికి తానే రెండేళ్లు వ్యాఖ్య దాచుకున్న ఇలాంటి శాస్త్రకారుడు మన సంప్రదాయంలో దొరకడం అరుదు. ఇంతకీ ఆ సూత్రం సీటు కింది స్ప్రింగు మీదా పనిచేస్తుంది, గేర్ బాక్సులోని హెయిర్‌పిన్ మీదా పనిచేస్తుంది.

స్ప్రింగు బలాన్ని దాచి తిరిగి ఇస్తుంది, అంతే. ఊపును మింగి వేడిగా మార్చేది దాని నడుమ గొట్టంలో ఉన్న ఆయిలు, చిన్న రంధ్రాలు; ఆ గొట్టం పేరు డ్యాంపరు. ఇవి వేర్వేరు ఉద్యోగాలు. వెనుక సీటును గట్టిగా నొక్కి వదలండి. పైకి లేచి నిలిచిందా, డ్యాంపరు బాగుంది. రెండు మూడుసార్లు ఊగిందా, లేదా రాడ్డు మీద నూనె జిడ్డు కనిపించిందా, డ్యాంపరు పోయింది. లోకం మాత్రం స్ప్రింగునే తిడుతుంది, ఎందుకంటే కంటికి కనిపించేది అదే. స్ప్రింగు నిజంగా అలసిపోయిందంటే బండి ఒంటరిగా నిలబడ్డా వెనక భాగం దిగబడి ఉంటుంది. విప్పి కొలిస్తే పొడవు మాన్యువల్‌లో ఇచ్చిన హద్దు కన్నా తగ్గి ఉంటుంది. మార్చాల్సి వస్తే రెండువైపులా మార్చాలి.

చాలా బండ్ల షాకప్ అడుగున అయిదు మెట్ల రింగు ఒకటి ఉంటుంది. దాన్ని పైమెట్టుకు తిప్పితే స్ప్రింగు ‘హార్డ్’ అవుతుందని షెడ్డులో గట్టి నమ్మకం. స్ప్రింగు గట్టిదనం ఇసుమంతైనా మారదు. అది ముందుగానే కొంత నొక్కుకుని ఉంటుంది కనుక బండి వెనక భాగం ఎత్తవుతుంది, అంతే. బరువు మోసేటప్పుడు అది చాలు. ఒంటరిగా పోయేటప్పుడు నడ్డికి కష్టం.

బరువు అంటే గుర్తొచ్చేది ట్రిపుల్ రైడింగ్. ఆర్ట్స్ కాలేజీ నుంచి తార్నాక దాకా ముగ్గురు కూర్చుని పోవడం క్యాంపస్‌లో నేరంగా కన్నా స్నేహంగా చలామణీ అవుతుంది. నడిపేవాడు కాక ఒక్కరినే ఎక్కించుకోవాలని మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ చెబుతుంది. స్ప్రింగు అభిప్రాయమూ అదే. రోజువారీ కమ్యూటర్ బండ్లు మోయగల బరువు 130 కిలోల చుట్టుపక్కల. మెస్ తిండి తినే ముగ్గురు కూడా ఆ అంకెను దాటేస్తారు. ఆపైన స్పీడ్ బ్రేకరు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. దాన్ని గంటకు 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటవచ్చు. ఆ వేగంలో చక్రం దాన్ని ఎక్కి దిగడానికి అర సెకను పైన పడుతుంది. 30 సెంటీమీటర్ల రబ్బరు పట్టీనో సిమెంటు దిబ్బనో అదే వేగంతో దాటితే సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టదు. డ్యాంపరు అంత వేగంగా కదలలేక నిగిడిపోతుంది. ఆ దెబ్బ నేరుగా సీటుకు, సీటు నుంచి మూడోవాడికి.

ఆక్షేపం: 1929 నుంచి ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న క్యాంపస్‌లో, హుక్ నియమం మొదటి ఏడాదే చదివిన విద్యార్థి, ఈ మాత్రం తేల్చుకోలేక తార్నాకకు ఎందుకు వెళ్లాలి? సమాధానం: ప్రశ్నపత్రంలో స్ప్రింగుకు తుప్పు ఉండదు.

ఇప్పుడు అసలు చిక్కు, అన్వయం. మూలంలో రెండు ఫిర్యాదులున్నాయి. సామాన్య పాఠకుడు వాటిని వేర్వేరుగా చదువుతాడు. మెకానిక్ కూడా అలాగే చదివితే బిల్లులో రెండు పద్దులవుతాయి. కాని వ్యాఖ్యాతలకు అధ్యాహారం అనే సాధనం ఒకటుంది. మూలంలో లేకపోయినా అర్థం కుదరడానికి అవసరమైన మాటను బయటనుంచి తెచ్చి చేర్చడం. ఇక్కడ చేర్చవలసిన మాట ‘చైను’.

వెనుక చక్రం స్వింగ్ ఆర్మ్ మీద పైకీ కిందికీ ఊగుతుంది. అది ఊగే ఇరుసు ఒకచోట, ఇంజను నుంచి చైను బయలుదేరే చిన్న స్ప్రాకెట్ మరోచోట. అందువల్ల చక్రం పైకి జరిగినప్పుడల్లా రెండు స్ప్రాకెట్ల నడుమ దూరం మారుతుంది. చిన్న స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ ఇరుసు, వెనుక ఇరుసు ఒక్క వరుసలోకి వచ్చినప్పుడు చైను అన్నిటికన్నా బిగువుగా ఉంటుంది. స్టాండు మీద, ఎవరూ ఎక్కని బండికి చైను బిర్రుగా బిగిస్తే, ముగ్గురు ఎక్కగానే తీగలా నిగుడుకుని గేర్ బాక్సు బయటి షాఫ్టు బేరింగును లాగుతుంది. వదులైతే కథ ఇంకోలా నడుస్తుంది. ఎక్సలేటర్ వదిలి ఇచ్చిన ప్రతిసారీ కుదుపు, ‘టక్’. నడిపేవాడు గేరు జారిందనుకుంటాడు. అదే చైను గుంతలో ఎగిరి చైన్ కవరుకు తగిలి ‘టడ్’మంటుంది, వెనక కూర్చున్నవాడు షాకప్ కొట్టిందనుకుంటాడు. ముందువాడి ఫిర్యాదూ వెనకవాడి ఫిర్యాదూ కలిపితే మూలవాక్యం తయారు.

చిన్న బండ్లలో చైను మధ్యలో 20 నుంచి 30 మిల్లీమీటర్లు పైకీ కిందికీ ఆడాలి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడాలి, ఎందుకంటే పాత చైను ఒకచోట బిగుతు, ఒకచోట వదులు. బిగుతుగా ఉన్నచోటే కొలత. చైను సరిచేశాకా చప్పుడు ఉందంటే షాకప్ బుష్షులు, స్వింగ్ ఆర్మ్ బుష్షులు చూడాలి. బ్రేకు పట్టగానే ముందువైపు ‘టక్’మంటే ముందు చక్రపు ఫోర్కు కన్నా ముందు, హ్యాండిల్ తిరిగే చోటి కోన్ సెట్టును అనుమానించాలి.

కవి భారవి మాటలను మల్లినాథుడు కొబ్బరికాయతో పోల్చాడు. గేర్ బాక్సూ అలాంటిదే, రసమంతా పెంకు లోపల. అయితే కావ్యపాఠకుడికి పగలగొట్టడమే మార్గం. ఇక్కడ లివర్ బోల్టు, క్లచ్ వైరు, చైను, ఆయిలు, ఆ తరువాతే క్లచ్ కవరు. ఇంజను కేసు విప్పడం అన్నిటికన్నా చివర.

తాత్పర్యం: ఓ అన్నా! నా బండి చైను వదులైంది. క్లచ్ వైరు సాగింది. మేము ముగ్గురం ఎక్కుతాం గాని ఆ మాట నేను చెప్పను. నువ్వు రింగు రెండో మెట్టు మీద పెట్టు, ఆయిలు మార్చు, స్ప్రింగు జోలికి పోకు.

ఇది తార్నాక వాస్తవ్య మెకానిక్ జన ముఖోద్గతమును, ఉస్మానియా హాస్టల్ విద్యార్థి విరచితమును అగు బండి పురాణమునందు గేరు షాకప్ సంవాదమను ప్రథమాశ్వాసము. కార్బొరేటరు ద్వితీయాశ్వాసమున.