డబ్బాలో తెలివి

అన్నప్రాశన నాడు పిల్లాడి ముందు పుస్తకం, పెన్ను, బంగారం, కత్తి, డబ్బు పరిచి ఊపిరి బిగబట్టి చూస్తాం. పెన్ను పట్టుకుంటే కలెక్టరు, నోటు పట్టుకుంటే అమెరికా. వీడియో బంధువులందరికీ వెళ్లిపోతుంది. మర్నాటి నుంచి ఆ కాబోయే కలెక్టరుగారికి పెట్టేది పప్పు మీద తేరిన కట్టు, చారునీళ్లలో పిసికిన నాలుగు మెతుకులు. గుడ్డు? అమ్మో, అరగదు. పెరుగు? జలుబు. రాగిజావ? అది తాతయ్య షుగరుకు. బిస్కెట్టు మాత్రం టీలో ముంచి ఎన్నయినా పెట్టొచ్చు. కంపెనీ వాళ్లు చేసింది కదా, అరిగి తీరుతుంది. టీ ఒంట్లోకి ఇనుమును సరిగ్గా పట్టనివ్వదని ఎవరైనా అంటే, మేమందరం అలా పెరిగినవాళ్లమే అని నాయనమ్మ సాక్ష్యం.

మెదడు గబగబా పెరిగేది ఆ రోజుల్లోనే. రెండేళ్లు నిండేసరికి అది పెద్దవాళ్ల మెదడు పరిమాణంలో దాదాపు 80 శాతానికి చేరుతుంది. ఇనుము, అయోడిన్, మాంసకృత్తులు, కొవ్వు అప్పుడే కావాలి. ఎత్తులో వెనకబడడం కూడా ఎక్కువగా ఆ వయసులోనే మొదలవుతుంది. మనకు మాత్రం పిల్లాడికి మెదడుందన్న సంగతి ఎనిమిదో ఏట, యూనిట్ టెస్టులో లెక్కలు పోయాక గుర్తొస్తుంది. అప్పుడు పరుగెత్తేది కిరాణా కొట్టుకి.

అక్కడ తెలివి డబ్బాల్లో దొరుకుతుంది. రెండేళ్లలోపు పిల్లల పాలపొడులకూ ఆహారాలకూ ప్రకటనలివ్వడానికి చట్టం ఒప్పుకోదు. అందుకే కాబోలు, టీవీలో గ్లాసెత్తి గటగటా తాగే కుర్రాడి భుజానికి ఎప్పుడూ స్కూలు బ్యాగు ఉంటుంది. పొడుగు, బలం, చురుకు మూడూ ఒకే గ్లాసులో ఇస్తామన్న హార్లిక్స్ ప్రకటన 2008లో దారి తప్పి బ్రిటన్ టీవీలో పడింది. అక్కడి ప్రకటనల నియంత్రణ సంస్థ ఆపించింది. పాపం, అక్కడి పిల్లలకు పొడుగయ్యే యోగం లేదు.

సూక్ష్మపోషకాలు కలిపిన పానీయాన్ని బడిపిల్లలకు 14 నెలలు తాగించి చూసిన ప్రయోగమూ ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లే చేశారు, 2006లో అచ్చయింది. ఏకాగ్రత కొంత మెరుగైంది. ఐక్యూలో, జ్ఞాపకశక్తిలో, చదువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ రెండో ముక్క డబ్బా మీద వెతక్కండి, చోటు చాలలేదు.

చక్కెరకు మాత్రం చోటు చాలింది. బోర్న్‌విటాలో 100 గ్రాములకు 37.4 గ్రాములు కలిపేవారు. 2023లో గోల రేగాక 32.2కు దించారు. అంటే ఇప్పుడు మూడో వంతు కూడా లేదు, ఇంకో గ్రాము పైచిలుకు పడితే ఉంటుంది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ, చట్టంలో 'హెల్త్ డ్రింక్' అనేదే లేదు, వీటిని ఆ వరసలోంచి తీసేయండని ఆన్‌లైన్ దుకాణాలకు చెప్పింది. తీసేశారు. మన వంటింటి అలమరలో మాత్రం ఆ డబ్బా దేవుడి పటం పక్కనే ఉంది.

ఇన్ని డబ్బాలున్నా ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ఇది. పేదవాళ్ల సంగతి కాబోలు అనుకుని పేజీ తిప్పేయకండి. పదిమందిలో ఏడుగురంటే మేడల్లో వాళ్లు కూడా లెక్కలోకి రావాల్సిందే.

అంగన్‌వాడీలో గుడ్డు ఇస్తారు. తెలంగాణలో ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా బాలామృతం ప్యాకెట్టూ ఇస్తారు. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె. అందులోనూ పంచదార ఉంది, ఒప్పుకుంటాను. కానీ దాని అసలు లోపం పంచదార కాదు, ఊరికే రావడం. ఊరికే వచ్చేది మన పిల్లలకేం పనికొస్తుంది? అందుకే అది పశువుల దాణాగా అమ్ముడుపోతోందని పేపర్లో అప్పుడప్పుడూ వార్తలు. గేదెలు పొడుగ్గా, బలంగా, చురుగ్గా ఎదుగుతున్నాయి. వాటి పాలే పొద్దున్నే మన గుమ్మంలోకి వస్తాయి. కాచి, చల్లార్చి, రెండు చెంచాల డబ్బా పొడి కలిపి పిల్లాణ్ని లేపుతాం.