అక్షరాలే కదా!

నా ప్రోగ్రాములో బొమ్మ ఒక్కటీ లేదు, మౌస్‌తో పనే లేదు. ఉన్నదంతా నల్లటి టెర్మినల్లో అక్షరాలు. అక్షరాలన్నాక స్క్రీన్ రీడర్ చదవక ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. అనుకుని ఊరుకున్నా సరిపోయేది. చూపులేనివాళ్లకు కమాండ్ లైనే స్వర్గమని ఆఫీసులో నలుగురి ముందూ ఉపన్యాసం కూడా దంచాను. ఆ నలుగురిలో చూపులేని కుర్రాడొకడు ఉన్నాడు. అతను ఏమీ అనలేదు. అతని మర్యాదను నేను అంగీకారం కింద జమకట్టుకున్నాను.

కొన్నాళ్లకు అతను నా ప్రోగ్రాములో ఒక రికార్డు తెరవబోయి ఇంకోటి చెరిపేశాడు. హెడ్‌ఫోన్స్ తీసేసి నాకూ వినిపించమన్నాను.

పట్టిక చుట్టూ ముచ్చటపడి గీతలు గీసుకున్నాను కదా. స్క్రీన్ రీడర్‌తో కోడ్ రాసేవాళ్లు గుర్తులన్నీ వినపడేలా పెట్టుకుంటారు, లేకపోతే బ్రాకెట్ ఎక్కడ మూశారో తెలియదు. దాంతో గడిగడికీ ఒక ‘బార్’. పేరు వినపడేసరికి ఏ వరసలో ఉన్నామో నేనే మర్చిపోయాను.

ఇక పని జరుగుతోందని చెప్పే తిరుగుడు చుక్కలు. అవి యూనికోడ్‌లోని బ్రెయిల్ గుర్తులని నాకు తెలుసు. తెలిసే, ముద్దుగా ఉన్నాయని పెట్టాను! అతని బ్రెయిల్ డిస్‌ప్లే మీద అవి నిజం చుక్కలై లేచాయి. భారతీ బ్రెయిల్ చదివే వేలికి వాటిలో రెండోది ద, మూడోది థ, చివరి మూడూ వ, ల, ప. ‘వెతుకుతున్నాను’ అనాల్సిన ప్రోగ్రాము అతని వేళ్ల కింద ‘దథ... వలప’ అని గొణుగుతోంది.

ఇవన్నీ చిరాకులు, అంతే. మెనూ సంగతి వేరు. బాణం మీట నొక్కితే నీలం పట్టీ కిందికి జరిగేది. అసలు కర్సర్‌ను మాత్రం, అందంగా లేదని, దాచేసి ఒక మూలన పడేశాను. స్క్రీన్ రీడర్ పట్టుకునేది ఆ కర్సర్‌నే, రంగును కాదు. అందుకని మెనూలో ఎటు జరిగినా నిశ్శబ్దమే. మరి ఇన్నాళ్లూ ఎలా వాడావయ్యా అంటే, వరసలన్నీ బట్టీపట్టాడట. మీట నొక్కుతూ పెదవుల్లో లెక్కపెట్టుకోవడం అప్పుడు చూశాను.

“అన్నా, మీరు పైన కొత్తగా ఏదో పెట్టినట్టున్నారు. నా లెక్క ఒకటి తప్పింది” అన్నాడు. తప్పు తనదన్నట్టే చెప్పాడు.

మందు ఎప్పుడో ఉంది. నానో ఎడిటర్‌లో ‘షోకర్సర్’ అనే ఆప్షన్ ఉంది, ఆల్పైన్ మెయిల్ ప్రోగ్రాములోనూ అలాంటిదే ఉంది. ఎంచుకున్న వరస మీదే అసలు కర్సర్‌ను నిలబెడతాయి. నా కోడ్‌లో ఆ మార్పు ఒక్క లైను. పుణేలో పుట్టిన టి.వి. రామన్, తానే చూపులేని ఇంజినీరు, 1995లోనే ఈమాక్స్ ఎడిటర్‌ను మాట్లాడించే ఈమాక్స్‌స్పీక్ విడుదల చేశారు. తెర మీద పడ్డదాన్ని ఏరుకుని చదవడం కాకుండా, ప్రోగ్రాముకు తెలిసిన విషయాన్నే నేరుగా పలికించారు. నేను రోజూ ఈమాక్స్ వాడతాను, ఆ పేరూ విన్నాను. అది నాకోసం కాదులే అని దాటేశాను.

జ్ఞానోదయం అయ్యాకైనా బుద్ధిగా ఉన్నానా? తగుదునమ్మా అని ‘అంధుల మోడ్’ ఒకటి విడిగా కట్టాను. కొత్త సదుపాయాలన్నీ మామూలు దాంట్లో చేరుతుంటే అది పాతదై మూలన పడింది. “నాకు వేరే ప్రోగ్రాము ఎందుకన్నా? ఆ గీతలు తీసేసే స్విచ్ ఒకటి ఇస్తే చాలు” అన్నాడు. ఇప్పుడు ‘ప్లెయిన్’ అనే ఆప్షన్ ఉంది. ఒకసారి పెట్టుకుంటే గుర్తుంటుంది. గీతలుండవు, చుక్కలు తిరగవు. ‘పేరు’, ‘తేదీ’ అని ముందు చెప్పి తర్వాత విలువ వస్తుంది. ఎర్రరంగుతో సరిపెట్టిన చోటల్లా ‘తప్పు’ అనే మాటే వస్తుంది. విచిత్రమేమిటంటే, చూపున్నవాళ్లు కూడా చాలామంది దాన్నే వాడుతున్నారు, లాగ్‌లలో వెతుక్కోవడానికి అదే తేలికట.

మీరూ టెర్మినల్‌కు ప్రోగ్రాములు రాసేవారైతే, ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగానే దొరుకుతుంది. విండోస్‌లో పెట్టుకుని, అందులోనే ఉన్న ‘స్క్రీన్ కర్టెన్’ వేసి తెర నల్లబడ్డాక, మీ ప్రోగ్రాములో ఒక్క రికార్డు తెరిచి చూడండి. చెరిపే రికార్డు మాత్రం వద్దు.