నా పదిహేను గళ్లు

ప్లేస్టేషన్ మెమరీ కార్డును నేను. అరచేతిలో ఇమిడిపోయే బూడిదరంగు ప్లాస్టిక్ బిళ్లను. నా ఆస్తి మొత్తం 128 కిలోబైట్లు. మీ ఫోన్‌కు పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ ఒక్కటి పెడితే నాలో ఇక వేరేదానికి చోటుండదు. ఆ కాస్త జాగానే పదహారు గళ్లు చేసి, ఒకటి లెక్కాపత్రాలకు ఉంచుకుని, మిగతా పదిహేను ఆడేవాడికి ఇచ్చాను. కథ నాలో ఉండదు. రాజ్యాలూ యుద్ధాలూ సంగీతమూ అన్నీ సీడీలో ఉంటాయి. ఆ కథలో ఆడేవాడు ఎక్కడిదాకా వచ్చి ఆగాడు, వెంట ఎవరున్నారు, చేతిలో ఏముంది, ఎన్ని గంటలు గడిచాయి, నా దగ్గరుండేది అంతే. బ్యాటరీ లేదు, కరెంటు అక్కర్లేదు. సొరుగులో ఏళ్లు పడున్నా మరిచిపోను.

ప్లేస్టేషన్ 1994 డిసెంబరులో జపాన్‌లో పుట్టింది. నేను మాత్రం 2000లో దుబాయి నుంచి జగిత్యాల వచ్చాను, టైగర్ బామ్ సీసాలకూ రెండు దుప్పట్లకూ మధ్య. దుబాయిలో ఏసీల పని చేసే చిన్నాయన సెలవు మీద వస్తూ అన్న కొడుకు కోసం కొన్నాడు. పిలగాడు అప్పుడు తొమ్మిదో తరగతి. వైర్లు టీవీకి పెట్టబోతే వెనక పసుపుపచ్చదానికి, తెల్లదానికి మాత్రమే రంధ్రాలున్నాయి. ఎర్ర పిన్ను ఏళ్లపాటు గాల్లోనే వేలాడింది. అందుకే ఆ ఇంట్లో ప్రతి కథనూ ఒంటి చెవితోనే విన్నారు.

ఆటలన్నీ సికింద్రాబాద్ నుంచి తెచ్చిన కాపీ సీడీలే. ప్లాస్టిక్ సంచిలో ఒట్టి సీడీ, పైన మార్కర్‌తో పేరు. దానివల్ల వచ్చిన తంటా చెప్పాలి. ‘మెటల్ గేర్ సాలిడ్’ అని 1998లో వచ్చిన ఆట. స్నేక్ అనే సైనికుడు అలాస్కా దగ్గర దీవిలోకి దొంగచాటుగా దిగుతాడు. కొంత దూరం పోయాక మెరిల్ అనే అమ్మాయితో రేడియోలో మాట్లాడాలి. ఆ రేడియో నంబరు సీడీ పెట్టె వెనక ఉందని ఆటలో ఒక ముసలాయన చెబుతాడు. నిజంగానే ఉంది, దుకాణంలో అమ్మే అసలు డబ్బా వెనక అచ్చువేసిన చిన్న బొమ్మలో. మన దగ్గర డబ్బాయే లేదాయె! పిలగాడు ఆటలోనే ఆ ముసలాయన ఇచ్చిన డిస్కును తిప్పి తిప్పి చూశాడు. ఆఖరికి 140.00 నుంచి ఒక్కో అంకె పెంచుకుంటూ పోయి 140.15 దగ్గర ఆమె గొంతు విన్నాడు. దొంగ సీడీ కొన్నవాడికి ఇంతకంటే ముచ్చటైన శిక్ష నేను చూడలేదు.

ఆ ఆట తీసిన హిడియో కొజిమా సినిమా పిచ్చోడు. చిన్నప్పుడే సినిమా డైరెక్టర్ కావాలనుకున్నవాడు, 1986లో కొనామి కంపెనీలో చేరి ఆటలు తీశాడు. సినిమాలో చేయగలిగినవన్నీ చేశాడు, సినిమాకు చేతకానిది కూడా ఒకటి చేశాడు. అందులో నాకూ వేషం ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెప్పుకుంటాను.

సైకో మాంటిస్ అని ఒక విలన్. ముఖానికి ముసుగు, గాల్లో తేలుతుంటాడు, నీ మనసు చదువుతానంటాడు. పిలగాడు నవ్వుకున్నాడు. అంతలో వాడు, నీకు ‘కాసిల్‌వేనియా’ అంటే ఇష్టం కదా అన్నాడు. పిలగాడి చేతులు ఆగిపోయాయి. ముందు నెలంతా ఆడింది అదే. ఆ తర్వాత, నువ్వు ఆటను మాటిమాటికీ సేవ్ చేస్తుంటావు, జాగ్రత్తపరుడివి అన్నట్టు మాట్లాడాడు. అదీ నిజమే. జగిత్యాలలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవడికి తెలుసు? ఒకసారి సేవ్ అవుతుండగా పోయి, ఒక గడి మొత్తం పాడైంది. అప్పటినుంచి వాడు గది దాటితే సేవ్, మెట్టు ఎక్కితే సేవ్.

ఇక రిమోట్‌ను నేల మీద పెట్టు, నా శక్తితో కదిలిస్తా అన్నాడు మాంటిస్. గచ్చు మీద పెడితే అది గుర్రుమంటూ వణికి పక్కకు జరిగింది. మంచం మీద వత్తులు చేసుకుంటున్న నాయనమ్మ కాళ్లు పైకి తీసుకుంది.

“దానికి దయ్యం పట్టిందిరా, ఆపుజెయ్యి!”

“కాదే నాయనమ్మా, వాడు నా పేరు ఒక్కటే తీస్తలేడు గని, నేనేం ఆడిన్నో అన్ని చెప్తుండు.”

ఆమె కాసేపు చూసింది. “ఒగ్గోళ్లు గట్లనే తీస్తరు గద. పైసలిచ్చినోని పేరు, ఇంటిపేరు, కథ ఆపి మరీ చెప్తరు” అంది.

నాయనమ్మ చెప్పిందే సరైన విమర్శ అంటాను. ఒగ్గుకథలో మల్లన్న గుర్రమెక్కి పోతుంటాడు, నడుమ కథ ఆపి చదివింపు ఇచ్చినవాడి పేరు ఎత్తుతారు. అప్పటిదాకా చాప మీద కూర్చున్న మనిషి ఒక్క క్షణం కథలోకి పోయి వస్తాడు. మాంటిస్ చేసిందీ అదే. ఇక్కడ పేర్ల చీటీ అందించింది మాత్రం నేను. నా లెక్కల గడిలో ఏ ఆట ఏ గడిలో ఉందో ఒక పట్టీ ఉంటుంది. ఆట అడిగింది, నేను చూపించాను. మనసు చదవడం లేదు, మాయ లేదు. ఈ సంగతి పిలగాడికి కొన్నేళ్ల తర్వాత, చదువుకోసం హాస్టల్లో ఉన్నప్పుడు తెలిసింది. తెలిశాక వాడి ఆనందం తగ్గుతుందేమో అనుకున్నాను. రెట్టింపైంది. “ఏం ఐడియా రా వాడిది!” అని హాస్టల్లో కనబడినవాడికల్లా చెప్పాడు. ఇంతకీ మాంటిస్‌ను కొట్టాలంటే రిమోట్ వైరు పీకి రెండో రంధ్రంలో పెట్టాలి. అప్పుడు వాడికి మన మనసు అందదు. కుర్చీలోంచి లేచి డబ్బా దగ్గరికి పోయి వైరు మారిస్తే తప్ప చావని విలన్ ఏ సినిమాలో ఉన్నాడు?

ఇదే ఆటలో నా ఐదో గడిలో ఒక చావు ఉంది. స్నేక్ పట్టుబడతాడు. ఆసిలాట్ అనేవాడు కరెంటు షాకులిస్తాడు. గుండ్రం బటన్ ఆపకుండా నొక్కుతుంటే ప్రాణం నిలుస్తుంది. లొంగిపోతే బాధ ఆగుతుంది, కాని మెరిల్ బతకదని వాడు ముందే చెబుతాడు. పిలగాడు నొక్కాడు. బొటనవేలు ఎర్రబడింది, చేయి మార్చాడు, చొక్కా అంచు చుట్టి రుద్దాడు. చివరికి లొంగిపోయాడు. ఆట అక్కడ ఏమీ అనలేదు, మామూలుగా సాగింది. గంటల తర్వాత, అంతా అయిపోయిందనుకున్నప్పుడు, మెరిల్ శవం చూపించింది. వాడు ఆ రాత్రి అన్నం తినలేదు. వాళ్లమ్మ తిట్టింది.

తర్వాతి సెలవుకు చిన్నాయన వచ్చినప్పుడు మొదటి ప్రశ్న, “ఏడిదాక వచ్చిండు రా పామోడు?” ఆయనకు ఆట రాదు, కథ కావాలి. రెండేళ్లకోసారి వచ్చేవాడు, ఎక్కడ వదిలి వెళ్లాడో అక్కడినుంచి చెప్పమనేవాడు. పిలగాడు మెరిల్ సంగతి చెప్పి, “సిన్మాల హీరోయిన్ సస్తే డైరెక్టర్‌ను తిట్టచ్చు చిన్నాయనా. గీడ ఎవర్ని తిట్టాలె?” అన్నాడు. చిన్నాయన నవ్వలేదు. “మల్ల ఆడు” అన్నాడు. మళ్లీ ఆడాడు. ఈసారి మెరిల్ బతికింది. రెండూ నాలో ఉన్నాయి, పక్కపక్క గళ్లలో.

రెండో చావు సంగతి వేరు. దానికి ఎవరి వేలూ కారణం కాదు. ‘ఫైనల్ ఫాంటసీ 7’, 1997 జనవరి, మూడు సీడీలు. అందులో ఎరిత్ అని పూలమ్మే పిల్ల. మొదటి సీడీలో మన జట్టులో చేరుతుంది, గాయాలు మాన్పుతుంది. ఆడేవాడు ఆమెకు మంచి కర్ర కొంటాడు, శక్తులు పెంచుతాడు, ఇంత పెట్టుబడి పెట్టాక ఆమెకు ఏమీ కాదనుకుంటాడు. సీడీ చివర్లో ఆమె మోకాళ్ల మీద ప్రార్థన చేస్తుంటే పైనుంచి విలన్ సెఫిరోత్ పొడవాటి కత్తితో దిగుతాడు. ఏ బటన్ నొక్కినా లాభం లేదు. వెంటనే ఒక రాక్షసితో యుద్ధం మొదలవుతుంది. ప్రతి యుద్ధానికీ వచ్చే హోరు సంగీతం ఈసారి రాదు. నొబువో ఉయెమాత్సు ఆమె కోసం కట్టిన మెత్తని బాణీయే యుద్ధమంతా సాగుతుంది. పిలగాడు కొట్టడం మానేసి వింటూ కూర్చున్నాడు. రాక్షసి ఒకటికి రెండుసార్లు వాణ్ణి చంపింది.

ఏ చావు ఎక్కువ బాధపెట్టిందని హాస్టల్లో వాడు గంటలు గంటలు వాదించేవాడు. కథ రాసినవాడు చంపిందా, మన వేలు చంపిందా? మెరిల్‌దే గొప్ప ఎత్తు, సినిమా కలలో కూడా చేయలేదు అనేవాడు. వాడి నోరు అలా చెబుతుండగా నా మూడో గడి వేరే సాక్ష్యం చెబుతుండేది. ఎరిత్ బతికున్నప్పటి సేవ్ అది. కథ అయిపోయాక కూడా వాడు దాన్ని చెరపలేదు. గళ్లు నిండిపోయి కొత్త ఆటకు జాగా కావాల్సి వచ్చినప్పుడల్లా కుస్తీ ఆటలు పోయాయి, కార్ల ఆటలు పోయాయి. మూడో గడి జోలికి రాలేదు. నెలకోసారి తెరిచి ఆమెతో కాసేపు మైదానంలో తిరిగి, సేవ్ చేయకుండా ఆపేసేవాడు. ఇంతకంటే అభిమానం ఎలా ఉంటుందో నాకు తెలియదు.

ఆటలోంచి వాడు సినిమాల్లోకి దారి వెతుక్కున్నాడు, అందరూ పోయే దిక్కుకు తిరగేసి. స్నేక్ పేరుకు మూలం జాన్ కార్పెంటర్ 1981లో తీసిన ‘ఎస్కేప్ ఫ్రమ్ న్యూయార్క్’ హీరో స్నేక్ ప్లిస్కెన్ అని తెలిసి ఆ సినిమా వెతికి చూశాడు. ఆటలో శాస్త్రవేత్త పేరు హాల్, స్నేక్ అసలు పేరు డేవిడ్. కూబ్రిక్ ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో కంప్యూటర్ హాల్, వ్యోమగామి డేవ్. అది చూసి రాత్రి రెండింటికి రూమ్మేట్‌ను లేపాడు. రూమ్మేట్ ఏమన్నాడో ఇక్కడ రాయలేను.

ఒక్కచోట మాత్రం వాడి మొహం వాడిపోయింది. ఫైనల్ ఫాంటసీని పుట్టించిన హిరొనోబు సకాగుచి 2001లో పూర్తిగా కంప్యూటర్ బొమ్మలతో ‘ది స్పిరిట్స్ వితిన్’ అనే సినిమా తీశాడు. హీరోయిన్ జుట్టులో వెంట్రుక వెంట్రుకా కనబడింది. సినిమా ఘోరంగా నష్టపోయింది. పిలగాడు చూసి, “అంత మంచిగున్నది, ఏమైతలేదు” అన్నాడు. నాకు ఆశ్చర్యం లేదు. ఆ సినిమాలో మెమరీ కార్డుకు చోటెక్కడుంది? నా మాటలో స్వార్థం ఉందంటే ఒప్పుకుంటాను.

తర్వాత నా కాలం అయిపోయింది. ఇప్పటి పెట్టెలకు నన్ను దూర్చే రంధ్రమే లేదు. సేవ్‌లు తమంతట తామే అవుతాయి, ఎక్కడో దూరంలో దాక్కుంటాయి. పిలగాడు కూకట్‌పల్లిలో కాపురం పెట్టాడు, నేను టీవీ కింద సొరుగులో పడ్డాను. అక్కడినుంచే ఒక ఫోను విన్నాను. ‘ఆర్ఆర్ఆర్’ 2022 అక్టోబరులో జపాన్‌లో విడుదలైనప్పుడు రాజమౌళి టోక్యోలో కొజిమా స్టూడియోకు వెళ్లాడు. 2025 జూన్‌లో వచ్చిన కొజిమా ఆట ‘డెత్ స్ట్రాండింగ్ 2’లో రాజమౌళి, కొడుకు కార్తికేయ చిన్న పాత్రల్లో కనబడ్డారు. దుబాయి వదిలేసి జగిత్యాలలో స్థిరపడ్డ చిన్నాయనకు అదే రాత్రి ఫోను.

“చిన్నాయనా, రాజమౌళి గేమ్‌ల ఉన్నడు! మన పామోని గేమ్ తీసినాయనే తీసిండు!”

“ఔనా! గది జగిత్యాలల ఏ టాకీసుల ఆడుతది?”

పోయిన దసరా సెలవుల్లో నన్ను మళ్లీ బయటికి తీశారు. వాడి బిడ్డకు పదేళ్లు. పాత ప్లేస్టేషన్‌కు, కొత్త టీవీకి మధ్య ఒక చిన్న కన్వర్టర్ డబ్బా పెట్టారు. ఎర్ర పిన్నుకు మొదటిసారి చోటు దొరికింది. సీడీలు కూడా ఈసారి అసలువే, ఎవరో వాడి అమ్ముకున్నవి. మూడు సీడీల డబ్బా తెరిచి ఆ పిల్ల మొదటిది పెట్టింది. సేవ్ చేయబోతే ఖాళీ లేదంది తెర. పదిహేను గళ్లూ వరసగా చూసి, “డాడీ, మూడోది తీసేయనా? ఇదీ సేమ్ గేమే కదా” అంది. వాడు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి మెరిల్ చచ్చిపోయిన గడిని చెరిపేశాడు.

రెండు రోజులకు పూలమ్మే పిల్ల జట్టులో చేరింది. దెబ్బ తగిలిన ప్రతిసారీ అందరినీ బాగు చేస్తోంది.

“డాడీ, ఈమె చాలా యూస్‌ఫుల్. పైసలన్నీ ఈమె మీదే పెడతా. చివరిదాకా ఈమెనే వాడతా, సరేనా?”

వాడు సోఫాలో ముందుకు జరిగి కూర్చున్నాడు. “పెట్టు బిడ్డా” అన్నాడు.