త్రిచక్ర గేరు సూత్రానికి అఫ్జల్‌గంజ్ టీక

మూలం: మెరకకు వెనక పళ్ళు, చదునుకు ముందు పళ్ళు, దిగుడుకు బ్రేకు.

ప్రతిపదార్థం: మెరకకు = మూసీ ఒడ్డు విడిచి కోఠీ వైపు ఎక్కేచోట; వెనక పళ్ళు = ఫ్రీవీలు పళ్ళు (పెరగవలెను అని అధ్యాహారం); చదునుకు = సిద్దిఅంబర్ బజారులో దారి దొరికినప్పుడు; ముందు పళ్ళు = చైన్‌వీలు పళ్ళు. మూడో వాక్యం ప్రక్షిప్తమని కొందరంటారు. నయాపూల్ దగ్గర సాయంత్రం ఆరింటికి ఆ వాదన నిలవదు.

తాత్పర్యం: మూడు చక్రాల బండికి చిన్న గేరు విలాసం కాదు, ఆ మూడో చక్రం పెట్టినందుకు దక్కే ఫలమే అది. రెండు చక్రాల సైకిలు మరీ నెమ్మదిస్తే తూలుతుంది, కనుక ఎంత మెరకలోనైనా దానికి కొంత వేగం తప్పదు. మూడు చక్రాలది ఆగినా పడదు. మనిషి నడక కన్నా నిదానంగా బరువును పైకి చేర్చగలదు. అయినా బేగంబజారు, ఉస్మాన్‌గంజ్ సందుల్లో సరుకు మోసే ట్రాలీ రిక్షాకు ఉన్నది ఒకే గేరు. ముందు 44 పళ్ళు, వెనక 18, చక్రం 26 అంగుళాలు అనుకుందాం. పెడల్ ఒక్క చుట్టుకు బండి 5 మీటర్లు పోవాలి. గంటకు 5 కిలోమీటర్ల చొప్పున మెరక ఎక్కితే నిమిషానికి 16 చుట్లే పడతాయి, ఒక్కొక్క చుట్టూ మోకాలిని పిండుతుంది. ముందు 30, వెనక 34 చేస్తే అదే వేగానికి 45 చుట్లు. ఒక్కో తొక్కుకు కావలసిన బలం సుమారు మూడో వంతు. పని మొత్తం తగ్గలేదు, కాలికి అందే ముక్కలైంది. వెనక్కి వాలి, కాళ్ళు ముందుకు చాచి తొక్కే త్రిచక్రానికి ఈ సూత్రం ఇంకా గట్టిగా వర్తిస్తుంది. ట్రాలీవాలా సీటు మీంచి లేచి ఒంటి బరువంతా పెడల్ మీద మోపగలడు, చాలకపోతే దిగి లాగగలడు. వాలి కూర్చున్నవాడికి లేచే వీలే లేదు. వీపు సీటుకు ఆనించి తన్నడమొక్కటే గతి.

పూర్వపక్షం: వాలు బండి వేగానికి పుట్టింది కదా, 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ మోషే వెలోకార్ అనే వాలు సైకిలు మీద గంటలో 45 కిలోమీటర్లు దాటాడు కదా, ఆ మరుసటి ఏడే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఇలాంటి బండ్లను పోటీలకు దూరం పెట్టింది కదా, దానికి నత్త గేరెందుకు? సమాధానం: ఆ 45 కిలోమీటర్లూ చదునైన ట్రాకు మీదివి. వాలి కూర్చోవడం గాలిని మోసగిస్తుంది కాని భూమ్యాకర్షణను మోసగించలేదు. ఎక్కుడులో గాలి పెద్ద శత్రువే కాదు. పైగా చిన్న గేరు చేర్చినంత మాత్రాన పెద్ద గేరును ఎవరూ తీసేయమనలేదు.

రెండో ఆక్షేపం ఇంతకంటే బరువైనది: దుమ్ములో, బురదలో, గోనెల మధ్య గేర్లు నిలవవని. చైన్‌ను ఒక పళ్ళచక్రం నుంచి మరోదానికి మార్చే, బయటికి వేలాడే డిరేలర్ విషయంలో ఇది చాలావరకు నిజం. కాని 1970లలో ఆక్స్‌ఫర్డ్‌లో స్టువర్ట్ విల్సన్ రూపొందించిన ఆక్స్‌ట్రైక్ మూడు గేర్లనూ హబ్బు లోపలే దాచింది. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్‌కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ కూడా గేర్ల రిక్షా తయారుచేసింది. యంత్రం కుదరకపోలేదు, లెక్క కుదరలేదు. తొక్కేవాడిది తరచూ అద్దె బండి. గేరు ఖర్చు యజమానిది, మోకాలు ఇతనిది. ఆ రెండూ ఒకే మనిషివి కానంతకాలం 44-18 మారదు. బ్యాటరీ మోటారు వచ్చాక ఇదంతా ఎందుకనేవారికి కూడా ఇదే జవాబు: మోటారూ ఎవరో ఒకరు కొనాలి.

విశేషం: సొంత వాలు బండి ఉన్నవారు మొదట ముందు చైన్‌వీలు చిన్నది చేయించుకోవాలి, అది చవక. వెనక 34కు పోతే డిరేలర్ అంత పళ్ళ తేడాను, అంత చైన్ వదులును పట్టగలదో లేదో చూడాలి. ఈ బండి చైన్ మామూలు సైకిలు చైన్లు రెండు మూడింటంత పొడవు. కొలవకుండా కొంటే దుకాణానికి మళ్ళీ రావాలి.