సర్వాశ్వసమ్మతమైన జీను

సర్వజనసమ్మతమైన సిద్ధాంతమును ఏ ఋషియు, సర్వరోగహరమైన ఔషధమును ఏ వైద్యుడును ఇంతవరకు కనుగొనలేదని నేను నమ్మియుంటిని గాని, మా మేనల్లుడు గుర్రపుస్వారి నేర్వ మొదలుపెట్టి, తన స్తోమతుకు తగిన పాతజీను నొకదానిని కొనవలెనని నన్ను వెంటబెట్టుకొని హైదరాబాదు నగరమున మూడు ఆదివారములు త్రిప్పిన పిమ్మట, సర్వాశ్వసమ్మతమైన జీను మాత్రము ఇంటింట గలదని తెలిసికొంటిని. అమ్మువాడెవడైనను అతని నోట ముందుగా వెలువడు మాట ఒక్కటే: “ఏ గుర్రానికైనా సరిపోతుందండీ.” దాని వెంటనే రెండవది: “రెండంటే రెండుసార్లు వాడాం.” రెండుసార్లు మాత్రమే వాడినవానికి సమస్త గుర్రములతోడను అంతటి పరిచయమెట్లు కలిగెనో అడుగవలెనని నాకు తోచెను గాని, బేరమునకు వచ్చినవాడు తర్కమునకు దిగరాదని మావాడు కనుసైగ చేసెను.

అన్నదమ్ముల చెప్పులే ఒకరివి ఒకరికి అమరవు. పెండ్లిపందిట మారిపోయిన చెప్పులతో ఇల్లుచేరినవాడు మూడు దినములు కుంటుట మన మెరుగనిది కాదు. గుర్రపు వీపు మనుష్యుని పాదముకంటె చిత్రమైనది. మలక్‌పేట గుర్రపుపందెములలో పరుగులు చాలించి, పూర్వపుణ్యము కొలదిగా నున్నందున స్వారి నేర్పుచోటులకు చేరిన మేలుజాతి గుర్రములకు, మెడ ముగిసి వీపు మొదలగుచోట మూపు కత్తియంచువలె లేచి, దాని కిరువైపుల కండ తరిగి పల్లములు పడియుండును. పెండ్లికొమారులను మోసి, పెండ్లివారు పెట్టిన సెనగలు నమలి, బాజాలు మ్రోగిననే తప్ప అడుగు కదల్పని గుర్రపు వీపో, పందిరిమంచమువలె విశాలమై యుండును. ఈ రెంటికిని ఒక్క జీనే అమరునను ధైర్యము కొలతలు తీయకయే చొక్కా కుట్టెదనను దర్జీకి గూడ లేదు.

మావాని విషయమున మాత్రము కొలతలు తీయకపోలేదు. జీను 17 అంగుళములుండవలెనని వాడు గట్టిగా పట్టుబట్టెను. ఆ 17 అంగుళములు ముందరి మేకుతల మొదలుకొని వెనుకటి అంచు నడిమివరకు గల దూరము. అది స్వారిచేయువాని పిరుదుల కొలతయే గాని గుర్రపు వీపు కొలత గాదు. పిమ్మట జీను రంగు తన బూట్ల రంగునకు ఈడగునా కాదా యని చూచెను. ఆ పిమ్మట జేబు తడవుకొనెను. ఈ విధముగా పిరుదుల అభిప్రాయమును, బూట్ల అభిప్రాయమును, జేబు అభిప్రాయమును సాకల్యముగా సేకరించి, మోయవలసినదాని అభిప్రాయము నొకదానిని మాత్రము విడిచిపెట్టెను.

జీను తోలుతో చేసిన వస్తువని సామాన్యముగా మన మనుకొందుము. తోలు దాని చొక్కా మాత్రమే. లోపల కొయ్యపొరల నతికి, ఉక్కుబద్దలతో బిగించిన చట్రమొకటి యుండును. ఆ చట్రము ఇరుకైనచో గుర్రపు భుజముల కిరువైపుల నిలిచి పట్టుకారువలె నొక్కును. వెడల్పైనచో ముందునకు క్రుంగి మూపునెత్తిమీద కూర్చుండును. క్రింది మెత్తల నడుమ, వెన్నెముక పొడవునను, రెండుమూడు వ్రేళ్ళు పట్టునంత కాలువ ఖాళీగా నుండవలెను. వెనుకభాగము కడపటి పక్కటెముకను దాటరాదు, ఏలయన మనకు 12 జతలుగా నున్న పక్కటెముకలు గుర్రమునకు 18 జతలైనను, వాని కావలనున్న నడుము పరుల బరువు మోయుటకు ఏర్పడినది కాదు. ఇంత గణితము వీపు క్రింద నడచుచుండగా, పైన కూర్చున్నవాడు తోలు మెరుపును చూచి మురియుచుండును.

మూడవ ఆదివారమున మేము పోయిన యింట, వరండా కమ్మీమీద జీనును పెండ్లిచూపులకు ముస్తాబుచేసిన పిల్లవలె కూర్చుండబెట్టియుంచిరి. కొబ్బరినూనె ఎంత దట్టముగా పట్టించిరనగా, చేయిపెట్టిన మావాడు ఆనాటికి తలకు వేరే నూనె రాచుకొన నక్కరలేకపోయెను. ముక్కు దగ్గరపెట్టి చూచితిని. నూనెవాసన క్రిందనుండి వానకాలపు బీరువావాసన, అనగా బూజువాసన, మెల్లగా పైకి వచ్చెను. “ఇంగ్లండు జీనండీ, ఇలాంటిది ఇప్పుడు దొరకదు,” అని గృహస్థు మూడవ మాట పలికెను. ఇంగ్లండున వాల్సాల్ అను పట్టణము జీనులకు పెట్టినది పేరు. ఆ యూరి ఫుట్‌బాల్ జట్టును సైతము జీనుకారులనియే వ్యవహరింతురు. నేను ప్రక్కరెక్క నెత్తి చూడగా, అరిగిన తోలుపై కాన్పూరు ముద్ర నిక్షేపముగా నుండెను. కాన్పూరన్నంతమాత్రమున నేను చిన్నచూపు చూచువాడను గాను. పందొమ్మిదవ శతాబ్దమున దొరల సైన్యమునకు జీనులు కుట్టనారంభించి, నేడు భౌగోళిక సూచిక గుర్తింపు నంది, ఆ దొరల దేశమునకే జీనుల నెగుమతి చేయుచున్న ఊరది. మనవారు కుట్టినదానిని మనవారికే సీమసరుకని చెప్పి అమ్మవలసివచ్చినచో, ఆ సిగ్గు కుట్టినవారిది మాత్రము గాదు.

జీనును తలక్రిందులు చేసితిని. గృహస్థు ముఖము కొంచెము మారెను. మెత్తలలోని ఉన్ని, మా యింట అటకమీదనున్న పాతపరుపులోని దూదివలె, ఒకచోట గడ్డయై, ఒకచోట శూన్యమై చేతికి తగిలెను. పొట్టక్రింది పట్టీని బిగించు వార్లను పట్టి లాగగా, ఒకదాని కుట్టు నాలుగు పోగులమీద నిలిచియున్నది. ఆ నాలుగు పోగులే, గుర్రము బెదరినవేళ, మావానికిని నేలకును నడుమ నుండబోవు సమస్త రక్షణయని గ్రహింపవలెను. పిదప జీను ముందరి కొమ్మును నా పొట్ట కానించి, వెనుకటి అంచును రెండు చేతుల పట్టి నావైపునకు లాగితిని. ఇట్లు లాగినపుడు చట్రము కొంచెము బిగువుగా సాగి నిలువవలెనే గాని మడతపడరాదు. అది కిర్రుమని మూలిగెను, పైతోలున ముడుతలు పడెను. “కొత్తతోలు గదండీ, అలాగే కిర్రుమంటుంది,” అని గృహస్థు నవ్వెను. కొంతసేపటి క్రితమే అది తాతలనాటి ఇంగ్లండు జీను. ఒక్క వరండాలో, ఒక్క గడియలో, ఇన్ని వయస్సులను ధరింపగల వస్తువును నేను నాటకరంగముపైన గూడ చూడలేదు.

పాతదనముతో నాకు పేచీ లేదు. మంచి చట్రముపై మంచితోలు కుట్టించి, ఇరువది యేండ్లు సబ్బుతో తుడిచి, మితముగా నూనెపెట్టి వాడిన జీను, నిన్న కుట్టిన నాసిజీనుకంటె వెయ్యిరెట్లు మేలు; ఉన్ని గడ్డకట్టినచో తీసి నింపవచ్చును, వార్లు అరిగినచో మార్పించవచ్చును. చట్రము విరిగినదానిని, లోతుగా బీటలు వారిన తోలును మాత్రము కొబ్బరినూనెగాదు గదా, అమృతము పోసినను బ్రతికింపలేము. “మామయ్యా, అంత ఇబ్బందైతే కింద ఇంకో దుప్పటి వేద్దాం,” అని మావాడనెను. గంతకు తగిన బొంతయను సామెత మనకు గలదు గాని, గంత తగనపుడు బొంతలు పెంచుమని ఏ పెద్దయు చెప్పలేదు. ఇరుకైన బూటులో కాలు నొచ్చుచున్నదన్నవానికి ఇంకొక మేజోడు తొడిగెదనన్న వైద్యమిది.

మావాడు కొనెను. అడిగినదానిలో సగమునకే వచ్చినదని దారిపొడవునను ఉప్పొంగెను. తగ్గిన ఆ సగమును వాడు లాభమనుకొనెను గాని అది అప్పు. పద్దు మాత్రము వేరొకరి వీపున వ్రాయబడినది.

రికాబులు గ్రీకుదేశ మెరుగకముందే ఆ దేశపువాడైన జెనోఫన్ అశ్వారోహణమునుగూర్చి గ్రంథము వ్రాసెను. నాటి రౌతులు వట్టివీపుననో ఒక గుడ్డపైననో కూర్చుండి యుద్ధములు చేసిరి. జీనులేని గుర్రము చరిత్రలో గలదు. ఇట్టి జీనుగల గుర్రము గతి యేమాయెనో, మావాడు స్వారి నేర్చుచోట, నేను పదునైదు దినములకు కన్నులార చూచితిని. పట్టీ బిగింపబోవునప్పటికి అది చెవులు వెనుకకు వాల్చి, మెడ త్రిప్పి, మావాని మోచేతిని పండ్లతో పరామర్శింప జూచెను. విరాటుని కొలువున దామగ్రంథియను మారుపేరుతో అశ్వశాలను కాచిన నకులుడున్నచో ఆ చెవుల భాష చదివియుండును. మావాడు చదివినది సామెతలు మాత్రమే. “రౌతు మెత్తనైతే గుర్రం మూడుకాళ్ళమీద నడుస్తుందంటారు మామయ్యా,” అని చెప్పి ఒక కొరడా కొనెను. కొరడా మాత్రము క్రొత్తది.

ఆనాడు స్వారి ముగిసినపిమ్మట, గుర్రములను చూచుకొను ముసలి సాహెబు జీను దింపెను. వీపంతయు చెమటతో నల్లగా తడిసియున్నది. మూపున కిరువైపుల మాత్రము అరచేయంత మేర రెండుచోటుల పొడిగా, శుభ్రముగా నుండెను. ఆ పొడిచోటుల అంచున, ముందెవరో కొన్న చౌకజీనుకు గుర్తుగా, తెల్లవెండ్రుకలు నాలుగు మొలిచియున్నవి.

“చూశావా మామయ్యా, అక్కడ చెమటే పట్టలేదు. హాయిగా ఉందన్నమాట!” అనెను మావాడు.

సాహెబు ఏమియు ననలేదు. జీనును గోడమేకునకు తగిలించి వచ్చి, ఆ పొడిచోట ఒక్క వ్రేలు మెల్లగా ఆనించెను. అంతటి గుర్రము, ఆ వ్రేలి బరువునకు, నడుము వంచి నేలవైపునకు క్రుంగిపోయెను.